వేసవిలో వైన్, వైనరీ యాత్రలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో వైన్ గురించి శిక్షణ ఇవ్వడం, ఆసక్తి ఉన్నవారిని వైనరీలకు, అంటే వైన్ తయారీ కేంద్రాలకు తీసుకువెళ్లి చూపించడం నా వృత్తి. ఎండలు ముదిరాయంటే నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్న ఉంటుంది: "మా అబ్బాయి అమెరికా నుంచి వైన్ సీసా తెచ్చాడండీ, అలాగే దాచాం. ఇంకా ఎన్నేళ్లు ఉంచితే బాగుంటుంది?" ఈ వారమే చల్లబరిచి తాగేయమని చెబితే చాలామంది నమ్మరు, కొందరైతే నొచ్చుకుంటారు కూడా. వైన్ ఎంత పాతబడితే అంత గొప్పదన్న మాట మనలో అంతగా నాటుకుపోయింది. మా రంగంలో జనం డబ్బును అన్నిటికంటే ఎక్కువగా నేలపాలు చేస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందుగా దీని సంగతే తేల్చుకుందాం.

ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఒకటి రెండేళ్లలో తాగడానికే తయారవుతుంది. వేసవికి నప్పే సోవిన్యాన్ బ్లాన్, షెనాన్ బ్లాన్ వంటి తెల్ల వైన్‌లు, గులాబీ రంగులో ఉండే రోజే వంటివన్నీ ఈ కోవకే చెందుతాయి. వీటి అందమంతా తాజా పండ్ల వాసనలోనూ, నాలుకను మేల్కొలిపే పులుపులోనూ ఉంటుంది. ఆ వాసననిచ్చే పదార్థాలు నెలలు గడిచేకొద్దీ విడిపోతూ, ప్రాణవాయువు తగిలినప్పుడల్లా తరుగుతూ పోతాయే తప్ప పెరగవు. తాటి ముంజలను కొన్న రోజే తినాలని మనకు ఎవరూ చెప్పనవసరం లేదు, ఈ వైన్‌లూ ఆ జాతివే. ఏళ్ల తరబడి నిలిచి మెరుగుపడాలంటే వైన్‌లో టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు), పులుపు, సారం మూడూ దండిగా ఉండాలి. మన దేశంలో నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ వారి 'లా రిజర్వ్', మహారాష్ట్రలో అక్లూజ్‌లోని ఫ్రాటెల్లి వారి 'సెట్టె', హంపి ప్రాంతంలో మన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు నెలకొల్పిన కృష్మ ఎస్టేట్స్ వారి కాబర్నే సోవిన్యాన్ వంటి కొద్దిపాటి ఎర్ర వైన్‌లకు ఆ శక్తి ఉంది. అయితే అవి కూడా 12 నుంచి 15 డిగ్రీల నిలకడైన చల్లదనంలో, వెలుతురు తగలకుండా, పడుకోబెట్టి ఉంచినప్పుడే మెరుగవుతాయి.

మన ఊళ్లో జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. మే నెలలో నగరంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తు ఇళ్లలో అర్ధరాత్రి కూడా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయనిక చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది చదువుకునే రోజుల్లో అందరం నేర్చుకున్న లెక్కే. ఆ లెక్కన చల్లని నేలమాళిగలో ఏళ్లు పట్టే మార్పు మన షోకేసులో ఒక్క వేసవిలో జరిగిపోతుంది, అదీ మంచి దిశలో కాదు. పైగా పగటి వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ను బయటికి నెడుతుంది, రాత్రి కాస్త చల్లబడగానే సంకోచించి సందుల్లోంచి గాలిని లోపలికి పీలుస్తుంది, ఈ తంతు ప్రతి రోజూ సాగుతుంది. ఫ్రిజ్ పైభాగం, వంటింటి అటక, ఎండ పడే షోకేసు, అన్నిటికంటే ఘోరంగా కారు డిక్కీ: మనవాళ్లు సీసాలు పెట్టే చోట్లన్నీ సరిగ్గా పెట్టకూడని చోట్లే.

ఏఎస్ రావు నగర్‌లో ఉండే ఒక విశ్రాంత ఇంజనీరు గారి దంపతులు కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక వైనరీ చూసి, అక్కడ రుచి చూసిన సోవిన్యాన్ బ్లాన్ ఎంతో నచ్చి ఒక సీసా కొని తెచ్చుకున్నారు. దాన్ని తమ పెళ్లిరోజు పండుగకని హాలు షోకేసులో మనవళ్ల ఫొటోల పక్కన ఏళ్లపాటు భద్రంగా ఉంచి, తెరవడానికి నన్ను పిలిచారు. కార్క్ సీసా మూతిని దాటి కొద్దిగా పైకి లేచి ఉంది. పైరేకు ఒలిచి చూస్తే దాని కింద జిగురుగా ఎండిపోయిన మరక కనిపించింది. లేత గడ్డిరంగులో ఉండవలసిన వైన్ గ్లాసులో ముదురు తేనెరంగున పడింది, నిమ్మతొక్క వాసన రావలసిన చోట కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వచ్చింది. "పాడైపోయిందా బాబూ? ఎంత జాగ్రత్తగా పెట్టామో!" అని ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. నిర్లక్ష్యం చేసినవారు కాదు, ప్రేమగా దాచుకున్నవారే నష్టపోతున్నారు, నా బాధంతా అదే. "పాతదైతేనే మంచిది" అని పక్కింటివారో, బంధువులో, వాట్సాప్‌లో ఎవరో ఊరూపేరూ లేనివారో చెప్పిన మాటకు ఆ ఇంట్లో ఒక మంచి జ్ఞాపకం బలైపోయింది.

కాబట్టి తెల్ల వైన్, రోజే కొంటే ఆ వేసవిలోనే తాగండి, అంతవరకు ఫ్రిజ్‌లోనే ఉంచండి. సీసాపై ద్రాక్ష కోసిన సంవత్సరం గానీ, సీసాలో నింపిన తేదీ గానీ ఉంటుంది, అది చూడకుండా కొనకండి. దుకాణంలో అద్దాల ముందు ఎండకు నిలబెట్టిన సీసాను వద్దని, లోపల ఏసీలో ఉన్నదే ఇమ్మని అడగడానికి మొహమాటపడకండి. తెరిచిన సీసాకు మళ్లీ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది, అంతకు మించి ఆశపడవద్దు.

ఈ అపోహకు తోబుట్టువు లాంటిది మరొకటి ఉంది: ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలట. ఆ మాట చల్లని ఐరోపా ఇళ్లలో పుట్టింది, అక్కడి గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గది వేసవిలో 33 డిగ్రీలు ఉంటే ఆ వైన్‌లో ఆల్కహాల్ ఆవిరి ఒక్కటే ముక్కుకు ఘాటుగా తగిలి, పండు రుచి దాని కింద అణిగిపోతుంది. ఎర్ర వైన్‌ను గంట, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే తప్పేమీ లేదు, మన వాతావరణంలో అదే సరైన పద్ధతి. తెల్ల వైన్ 8 నుంచి 10 డిగ్రీలు, బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్ 6 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. అతిథులు గుమ్మంలోకి వచ్చాక గుర్తొస్తే బకెట్‌లో ఐస్‌తో పాటు నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ వరకు ముంచండి. ఉత్త ఐస్ ముక్కలు సీసాకు అక్కడక్కడ మాత్రమే తగులుతాయి, నీళ్లు అంతటా తగులుతాయి కనుక పావుగంటలో పని పూర్తవుతుంది. గ్లాసులో కొద్దికొద్దిగానే పోసుకోండి, ఎందుకంటే మన ఎండకు గ్లాసులోని వైన్ త్వరగా వేడెక్కిపోతుంది.

వైనరీ చూడటానికి వేసవి సెలవులే సరైన కాలమన్నది కుటుంబాలను నిరాశపరిచే అపోహ. జూన్ నెలలో కాలిఫోర్నియాలోని నాపా లోయకు వెళ్లి వచ్చినవారు తీగలకు వేలాడే పచ్చి గుత్తులను ఫొటో తీసుకుని ఉంటారు, ఎందుకంటే అక్కడ కోత ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సాగుతుంది. మన దగ్గర తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి ఆరంభంలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి. పగలు వెచ్చగా, రాత్రులు చల్లగా ఉండే శీతాకాలంలో పండు పులుపు కోల్పోకుండా పండుతుంది, కోత జనవరి నుంచి మార్చి వరకు జరుగుతుంది. మే నెలలో నాసిక్ వెళ్లి ద్రాక్ష ఎక్కడని పిల్లలు అడిగితే చూపించడానికి చిగురు తీగలే ఉంటాయి. గుత్తులు చూడాలన్నా, ద్రాక్ష తొక్కే సంబరంలో పాల్గొనాలన్నా ఫిబ్రవరిలో వెళ్లండి. ఉక్కు ట్యాంకులు, ఓక్ పీపాలు చూసి చల్లని గదిలో రుచి చూడటానికైతే వేసవి కూడా పనికివస్తుంది, ఆ కాలంలో కొత్త కోత తెల్ల వైన్‌లు అప్పుడప్పుడే సీసాల్లోకి చేరుతుంటాయి. మన హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో ఒకప్పుడు విరగకాసిన అనాబ్-ఎ-షాహీతో మంచి వైన్ చేయవచ్చు కదా అని పెద్దవారు తరచూ అడుగుతుంటారు. అది తినడానికి తగిన ద్రాక్ష. వైన్ ద్రాక్షకు చిన్న పండు, మందమైన తొక్క, ఎక్కువ తీపి, దానికి దీటైన పులుపు కావాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. స్క్రూ క్యాప్ (తిప్పి తీసే మూత) ఉంటే నాసిరకమని అనుకోవద్దు, తాజాగా తాగవలసిన వైన్‌కు అదే మేలైన మూత, కార్క్ వల్ల వచ్చే బూజు వాసన భయం కూడా ఉండదు. మాంసానికి ఎర్ర వైన్ అన్న సూత్రాన్ని మన బిర్యానీకి, మిర్చీ కా సాలన్‌కు వర్తింపజేయకండి, టానిన్, ఆల్కహాల్ రెండూ కారాన్ని మరింత మండిస్తాయి. కాస్త తీపి మిగిలిన షెనాన్ బ్లాన్ గానీ, చల్లని రోజే గానీ ఆ మంటను తగ్గిస్తుంది. తలనొప్పికి వైన్ చెడిపోకుండా కలిపే సల్ఫైట్లే కారణమన్న ప్రచారం కూడా సరికాదు. ఎండబెట్టిన ఆప్రికాట్‌లలో అవి వైన్ కంటే ఎక్కువే ఉంటాయి, చాలామందికి తలనొప్పి తెచ్చేది ఆల్కహాల్, ఒంట్లో నీరు తగ్గడం. ఆస్తమా ఉన్నవారు మాత్రం సల్ఫైట్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. వైన్ వేసవిలో ఒంటికి చలవ చేస్తుందన్నది అబద్ధం. గుండెకు మంచిదని చెప్పి తాగని పెద్దవారికి అలవాటు చేసే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. రుచి కోసం తాగేవారు రుచి కోసమే, కొద్దిగా తాగాలి.

చివరగా, వైనరీలో టేస్టింగ్, అంటే వరుసగా వైన్‌లు రుచి చూడటం అంటే బెదిరిపోయేవారికి ఒక మాట. గ్లాసు ఎలా పట్టుకోవాలో తెలియదని, అడిగితే నవ్వుతారేమోనని వెనక్కి తగ్గేవారిని, ముఖ్యంగా మొదటిసారి వచ్చిన ఆడవారిని, నేను ఎందరినో చూశాను. అక్కడ పోసేవారికి ప్రశ్నలంటేనే ఇష్టం, "నాకు పులుపు నచ్చుతుంది, వగరు నచ్చదు" అని మీ మాటల్లో చెబితే చాలు. స్పార్క్లింగ్‌తో మొదలుపెట్టి తెల్లవి, రోజే, ఆ తరువాత ఎర్రవి అడగండి. రుచి చూసి అక్కడ పెట్టిన పాత్రలో ఉమ్మివేయడం అవమానం కాదు, మేమందరం చేసేది అదే. సోలాపూర్ మీదుగా అక్లూజ్‌కు సొంత కారులో వెళ్లేవారు డ్రైవరును పెట్టుకోండి, లేదా రాత్రి అక్కడే బస చేయండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. ఇతర రాష్ట్రాల్లో కొన్న సీసాలకు తెలంగాణలో సుంకం కట్టినట్లు కాదు, తనిఖీలో పట్టుకుంటారు, ఎండలో ఆ డిక్కీ ప్రయాణానికి వైన్ కూడా తట్టుకోదు. అందువల్ల నచ్చిన వైన్ పేరు, సంవత్సరం ఫోనులో ఫొటో తీసుకుని, అదే వైన్‌ను ఇంటికి వచ్చాక మన నగరంలో ఏసీ ఉన్న దుకాణంలో కొనుక్కోండి.