చిన్నప్పటి దెబ్బ, నడివయసు గుండె

చిన్నతనంలో రోజూ తన్నులు తిన్నవాడికి యాభై ఏళ్ళకు గుండెజబ్బొస్తే, ఆ రెంటికీ లింకు పెట్టడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం కాదా అని ఒక పాఠకుడు అడిగారు.

ఆ ముడి ఉందని తెలిసింది ఓ ఊబకాయం క్లినిక్‌లో. 1980లలో అమెరికాలోని శాన్‌డియాగోలో, కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ వైద్యుడు విన్సెంట్ ఫెలిట్టి దగ్గర చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసేవారు. ఆరా తీస్తే, వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్ళే. లావుగా ఉంటే ఎవరి కన్నూ తమ మీద పడదని కొందరి ధీమా. ఆ తర్వాత ఆయన, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చెందిన రాబర్ట్ ఆండా కలిసి 17 వేల మందికి పైగా వివరాలు సేకరించారు. 1998లో వచ్చిన తొలి ఫలితాల ప్రకారం, బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు పడ్డవాళ్ళకు, అవేవీ పడనివాళ్ళతో పోలిస్తే, తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు. గుండె, కాలేయ జబ్బులూ మెట్టుమెట్టుగా పెరిగాయి. ఇది గుంపు లెక్క, ఒక్క మనిషి జాతకం కాదు.

నాకు అసలు ఇష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. భయమేస్తే మెదడులోని హైపోథాలమస్ దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు పెడుతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ రక్తంలోకి వస్తుంది. మేడమీది ట్యాంకులో నీళ్ళు నిండగానే బంతి తేలి ధార ఆపేస్తుంది కదా, మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో కార్టిసాల్‌ని పసిగట్టే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్లు అలాంటి బంతులే. అవి తక్కువైతే నీళ్ళు పొర్లుతూనే ఉంటాయి. గోడకు చెమ్మ పట్టినట్టు బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మైకేల్ మీనీ బృందం 2004లో చూపింది ఇదే: తల్లి ఎక్కువగా నాకి సాకిన ఎలుకపిల్లల్లో ఈ రిసెప్టర్లు ఎక్కువ, ఆ సాకుడు కరువైన వాటిలో ఆ రిసెప్టర్లను తయారుచేయించే జన్యువు ముందుభాగానికి మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుని దాన్ని అణిచేశాయి. ఎలుకపిల్లల్ని ఒక తల్లి దగ్గర్నుంచి ఇంకో తల్లి దగ్గరకు మార్చి చూస్తే, కన్నతల్లి కాదు, పెంచిన తల్లే లెక్క. ఇంకో చిక్కుంది: పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వదలని భయాల జబ్బు, ఉన్న కొందరిలో కార్టిసాల్ తక్కువే కనిపిస్తుంది. అక్కడ బంతి అతిచురుకు, కొంచెం నిండగానే ఆపేస్తుంది.

పిల్ల జడుసుకుందని మన ఇళ్ళల్లో తాయెత్తు కట్టిస్తారు. భయం ఒంటిని పట్టేస్తుందన్న గమనిక సరైనదే, తాయెత్తు మాత్రం ఆ రిసెప్టర్ల దాకా వెళ్ళదు.

మరి డాక్టరేం చేయాలి? ట్రామా ఇన్‌ఫార్మ్డ్ కేర్, అంటే వచ్చినవాళ్ళ గతంలో గాయం ఉండొచ్చని గుర్తుంచుకుని చేసే వైద్యం, గతమంతా తవ్వించడం కాదు. గర్భాశయ పరీక్షకు ముందు ఏం చేయబోతున్నారో చెప్పడం, తాకేముందు అడగడం, "ఆపమంటే అక్కడే ఆపేస్తానమ్మా" అనడం, అన్నట్టే ఆపడం. ఒకే గదిలో ముగ్గురు పేషెంట్లుండే మన ఓపీల్లో, పక్కవాళ్ళు వింటుండగా "పెళ్ళయిందా, పిల్లలెందుకు లేరు" అని గట్టిగా అడిగితే ఆమె అసలు సంగతి ఇంకెప్పుడు చెబుతుంది?