కాటుకరేకుల పొడ, పాట్రిక్ రస్సెల్

రక్తపింజరకు తెలుగులో కాటుకరేకుల పొడ అనే మరో పేరుంది. పొడ అంటే మచ్చ. గోధుమరంగు ఒంటిమీద వరుసగా పరుచుకుని, అంచుల్లో కాటుక దిద్దినట్టు కనిపించే పెద్ద మచ్చలను శ్రద్ధగా చూసినవారే ఆ పేరు పెట్టి ఉంటారు. శాస్త్రగ్రంథాల్లో మాత్రం ఆ పాము పేరు దబోయియా రస్సెలీ. ఆ పేరులోని రస్సెల్ ఒక స్కాటిష్ వైద్యుడు. ఆయన పాములను అధ్యయనం చేసింది విశాఖపట్నంలో.

పాట్రిక్ రస్సెల్ పాముల దగ్గరికి వచ్చేసరికి వయసు యాభై దాటింది. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, 1760 దశకం ఆరంభంలో అక్కడ చెలరేగిన ప్లేగును దగ్గరనుంచి చూశారు. దానిమీద ఆయన రాసిన పెద్ద గ్రంథం తరువాత, 1791లో వెలువడింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడు క్లాడ్‌కు విశాఖపట్నంలో ఉద్యోగం రావడంతో 1781లో ఆయన వెంట ఇండియాకు బయలుదేరారు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోయెనిగ్ మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. మొక్కలు, చేపలు కూడా ఆయన పనిలో భాగమే. విశాఖ తీరంలో సేకరించిన రెండు వందల చేపల చిత్రాలతో 1803లో ఆయన పుస్తకం వెలువడింది. కానీ కంపెనీని నిజంగా కలవరపెట్టిన సమస్య పాముకాటు. ఏది విషసర్పమో, ఏది కాదో మామూలు మనిషి ఎలా పోల్చుకోవాలి?

ఈ ప్రశ్న చూడటానికి తేలిక, జవాబు అంత తేలిక కాదు. జీవులను వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పద్ధతిలో పాములను పొట్టకింద, తోకకింద ఉండే పొలుసుల లెక్కతో వేరుచేసేవారు. రస్సెల్ కూడా ప్రతి పాముకూ ఆ లెక్కలు ఓపికగా రాసి పెట్టారు, కానీ ఆ లెక్క విషం సంగతి చెప్పదు. ఒంటిమీది రంగూ చెప్పదు. మన పేర్లే ఇందుకు సాక్ష్యం: ఆయన పుస్తకంలో కాటుకరేకుల పొడతో పాటు పెద్దపొడ కూడా ఉంది. అది విషం ఏమాత్రం లేని కొండచిలువ. మచ్చలను బట్టి పేరు పెట్టిన కన్ను రెండింటినీ ఒకే ఇంటిపేరు కిందికి చేర్చింది. నేటికీ కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజర మీద చెయ్యి వేసేవారు ఉన్నారంటే ఆ పొరపాటు ఎంత సహజమో తెలుస్తుంది. నమ్మదగిన ఆనవాలు నోటిలోనే ఉంటుంది: పైదవడ ముందుభాగంలో, విషగ్రంథికి కలిసి ఉండే కోర. అందుకే రస్సెల్ ప్రతి పాము నోరూ తెరిపించి దంతాల అమరికను నమోదు చేశారు.

అంతటితో ఆగకుండా కోళ్లను, కుక్కలను కాటు వేయించి, లక్షణాలు ఎంతసేపటికి మొదలయ్యాయో, ప్రాణం ఎప్పుడు పోయిందో రాసుకున్నారు. ఈనాటి కళ్లకు ఇది క్రూరంగానే కనిపిస్తుంది. అయితే అప్పట్లో పాముకాటుకు పేరుపొందిన తంజావూరు మాత్రలను, అందులో పాషాణం, అంటే ఆర్సెనిక్ అనే విషం, కూడా కలిసేది, విన్న మాటలతో సరిపెట్టుకోకుండా పరీక్షకు పెట్టినది ఈ పద్ధతే. పాము కరిచిన ప్రతిసారీ విషం ఒకే మోతాదులో ఎక్కదు. ఒక్కోసారి అసలే ఎక్కదు. అలా బతికిన మనిషి తాను మింగిన మాత్రనో, కట్టించుకున్న పసరునో జీవితాంతం పొగుడుతూనే ఉంటాడు. అనుభవం ఒక్కటే ఇక్కడ ఎందుకు చాలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

1789లో రస్సెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, పాముల మీద ఆయన గ్రంథం మొదటి సంపుటం రంగుల చిత్రాలతో 1796లో అచ్చయింది. 1805లో ఆయన మరణించేనాటికి రెండో సంపుటం ఇంకా పూర్తికాలేదు, చివరి భాగాలు 1809 దాకా వెలువడ్డాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, అంటే ఇవాళ మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషవిరుగుడు మందు ఏ నాలుగు పాముల కోసం తయారవుతుందో, ఆ నాలుగూ ఆ గ్రంథంలో ఉన్నాయి.

నా దృష్టిలో ఆయన చేసిన మరో మేలు, జనం చెప్పిన పేర్లను పారేయకపోవడం. తాను పుస్తకంలో లాటిన్ పేర్లు తగిలించకుండా జెర్రిపోతు, పసిరిక పాము వంటి పేర్లను చెవికి వినిపించినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. శాస్త్రీయ నామాలు ఆ బొమ్మలను, వర్ణనలను ఆధారం చేసుకుని తరువాతివారు పెట్టారు. 1797లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ షా కాటుకరేకుల పొడకు రస్సెల్ పేరు చేర్చారు. పసుపు, నలుపు పట్టీలున్న ఒక పామును రస్సెల్ ‘బంగారం పాము’గా నమోదు చేయగా, ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ 1803లో ఆ మాటనే లాటినులోకి మలిచి, కట్లపాముల ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) మొత్తానికి ‘బంగారస్’ అని పేరు పెట్టారు. కాటు తెలియకుండానే ప్రాణం తీయగల పాములకు ఇంత ముద్దుపేరు మరే భాషా ఇచ్చి ఉండదు.

ఆ పేరు అక్కడితో నిలిచిపోలేదు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఆల్ఫా బంగారోటాక్సిన్ అన్నారు. నాడి నుంచి కండరానికి సందేశం అందుకునే గ్రాహకానికి అది గట్టిగా అతుక్కుని, సులువుగా వదలదు. కాటు తిన్నవారి కండరాలు చచ్చుబడటానికి ఒక కారణం ఇదే. ఆ అతుక్కునే గుణాన్నే ఎరగా వాడి 1970 ప్రాంతంలో పరిశోధకులు ఆ గ్రాహకాన్ని శరీరకణజాలం నుంచి బయటికి తీయగలిగారు.