టిప్ ఓనీల్ 1887 బ్యాటింగ్ సగటు: అపోహలు - వాస్తవాలు

ముందుగా ఒక మాట. బేస్‌బాల్ బ్యాటింగ్ సగటు మన క్రికెట్ సగటు లాంటిది కాదు. హిట్లను (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవి) అట్-బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తే వచ్చేది. పిచ్చర్ (బంతి విసిరేవాడు) సరైన బంతులు వేయలేకపోతే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. మామూలుగా అది హిట్టూ కాదు, అట్-బ్యాటూ కాదు. 1887 మాత్రం మామూలు ఏడాది కాదు.

అపోహ: ఓనీల్ 0.492 కొట్టాడు.

అప్పటి రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన అమెరికన్ అసోసియేషన్‌లో (రెండోది నేషనల్ లీగ్) సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌ జట్టుకు ఆడిన ఈ కెనడా బ్యాటర్ పేరు పక్కన రికార్డు పుస్తకాల్లో చాలాకాలం ఉన్న అంకె ఇది. ఆ ఒక్క ఏడాదే వాక్‌ను కూడా హిట్ కింద జమ కట్టారు. వాక్‌లు తీసేస్తే 517 అట్-బ్యాట్లలో 225 హిట్లు, అంటే 0.435. ఆయన వాక్‌లు 50. వాటిని పైనా కిందా కలిపి చూడండి: 275ను 567తో భాగిస్తే 0.485 వస్తుంది. నేటి అంకెలతో ఎలా చూసినా 0.492 రాదు. 1968లో రికార్డుల కమిటీ 1887 వాక్‌లను హిట్లుగా లెక్కించకూడదని తేల్చింది. నేను వాడేది 0.435నే.

అపోహ: నాలుగు స్ట్రైకులు ఉన్నాయి కాబట్టి అది చౌకగా వచ్చిన సగటు.

బ్యాటర్ కొట్టలేకపోయిన లేదా వదిలేసిన సరైన బంతి స్ట్రైక్, సరిగా పడని బంతి బాల్. ఆ ఏడాది మూడుకు బదులు నాలుగు స్ట్రైకులకు అవుట్, ఐదు బాల్స్‌కు వాక్. నిజమే. కానీ ఆ వెసులుబాటు అందరికీ ఒక్కటే. అందుకే ముందు లీగ్ సగటు చూడాలి: 0.273. ఓనీల్ దానికంటే 59 శాతం పైన ఉన్నాడు. అదే లీగ్‌లో లూయీవిల్ బ్యాటర్ పీట్ బ్రౌనింగ్ 0.402 కొట్టి 47 శాతం పైన నిలిచాడు.

ఇప్పుడు 1894 చూడండి. నేషనల్ లీగ్‌లో బోస్టన్ బ్యాటర్ హ్యూ డఫీ 539 అట్-బ్యాట్లలో 237 హిట్లతో 0.440 కొట్టాడు. చూడ్డానికి ఓనీల్ కంటే ఎక్కువే. కానీ 1893లో పిచ్చర్‌ను 55 అడుగుల 6 అంగుళాల నుంచి 60 అడుగుల 6 అంగుళాలకు వెనక్కి జరిపారు. దాంతో కొట్టడం సులువై నేషనల్ లీగ్ సగటు 1892లో 0.245 ఉన్నది, 1893లో 0.280కి, 1894లో 0.309కి ఎగబాకింది. ఒక్క ఫిలడెల్ఫియా జట్టులోనే నలుగురు అవుట్‌ఫీల్డర్లు 0.400 దాటారు: డెలహాంటీ, థాంప్సన్, హామిల్టన్, టర్నర్. అంత జోరులో డఫీ ఆధిక్యం 42 శాతమే.

అపోహ: మూడు స్ట్రైకులు తిరిగి రాగానే ఓనీల్ తేలిపోయాడు.

1888లో 0.335 కొట్టాడు. అప్పుడూ లీగ్‌లో మొదటివాడే. లీగ్ సగటు 0.238కి పడిపోయింది. ఆ 0.335ను 1887 కొలతకు మార్చాలంటే 0.273తో గుణించి 0.238తో భాగించండి: 0.384. అంటే 0.435 నుంచి 0.335కి, 100 పాయింట్ల (పాయింట్ అంటే 0.001) తగ్గుదలలో సగం నియమాలదీ లీగ్‌దీ, మిగతా సగమే ఆయనది.

అపోహ: ఆ కాలంలో అన్నీ సింగిల్సే (ఒక్క బేస్ మాత్రమే దక్కే హిట్లు).

ఓనీల్ 1887లో 52 డబుల్స్ (రెండు బేస్‌ల హిట్లు), 19 ట్రిపుల్స్ (మూడు బేస్‌లవి), 14 హోమ్ రన్స్ (నాలుగు బేస్‌లవి) కొట్టి మూడింటిలోనూ ముందున్నాడు. మొత్తం 357 బేస్‌లు, స్లగ్గింగ్ (బేస్‌లను అట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) 0.691.

అపోహ: అమెరికన్ అసోసియేషన్ బలహీనం, ఆ అంకెల్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇందులో కొంత నిజముంది. ఆ ఏడాది రెండు లీగ్‌ల విజేతల మధ్య 15 ఆటల సిరీస్‌లో నేషనల్ లీగ్ విజేత డెట్రాయిట్ 10-5తో బ్రౌన్స్‌ను ఓడించింది. శాతం లెక్క సొంత లీగ్‌లోని సాటివాళ్లతో పోలికే చెబుతుంది, లీగ్ బలాన్ని చెప్పదు. అయినా డెట్రాయిట్ స్టార్ శామ్ థాంప్సన్ నేషనల్ లీగ్‌లో 0.372తో అగ్రస్థానంలో ఉన్నా, లీగ్ సగటు 0.269కి 38 శాతమే పైన ఉన్నాడు. 59కీ 38కీ మధ్య ఉన్న తేడానంతా లీగ్ బలహీనత మీదికి నెట్టేయడం నాకు సబబుగా తోచదు.

మీరే పట్టిక వేసుకుంటే మరో జాగ్రత్త: 1887లో శాక్రిఫైస్ బంట్లు (తను అవుటైనా తోటి ఆటగాణ్ని ముందు బేస్‌కు పంపే మెల్లని తట్టు) కూడా అట్-బ్యాట్లలోనే కలిసి ఉంటాయి. తర్వాతి తరాల బ్యాటర్లకు అవి తీసేసి ఉంటాయి. కాబట్టి వాళ్ల పక్కన పెడితే ఓనీల్ సగటు ఉన్నదానికంటే కాస్త తక్కువగానే కనిపిస్తుంది.