టెట్ పెట్టెలో గింజలు: అపోహలు – వాస్తవాలు

వియత్నాంలోని సైగాన్‌లో మేముండే ఇంటి ఓనరమ్మకు డెబ్బై దాటాయి. ఇక్కడ ఆ వయసు ఆడవాళ్లని 'బా' అంటారు, మన బామ్మలో సగం మాట. ఆవిడ నన్ను 'కాన్' అని పిలుస్తుంది, అంటే బిడ్డా అని. నేను డైటీషియన్‌నని ఆవిడకు తెలుసు. అయినా టెట్ నాడు ఏం తినాలో, ఎంత తినాలో నాకు చెప్పేది ఆవిడే.

టెట్ అంటే వియత్నాం వాళ్ల చాంద్రమాన సంవత్సరాది. మన ఉగాదికి నెలో రెండు నెలలో ముందు వస్తుంది. 2025లో జనవరి 29న, 2026లో ఫిబ్రవరి 17న పడింది. ఆ రోజుల్లో ఎవరింటికి వెళ్లినా ముందు టీ పోస్తారు, పక్కనే గుండ్రటి లక్క పెట్టె మూత తీస్తారు. లోపల అరలరలుగా ఎర్రటి పుచ్చగింజలు, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, జీడిపప్పు, చక్కెర పట్టిన తామర గింజలు ఉంటాయి. కబుర్లు నడిచినంతసేపూ టిక్ టిక్ మని గింజలు కొరుకుతూనే ఉంటారు. పెంకులు నేలమీదే. మొదటి రోజుల్లో ఇల్లు ఊడిస్తే వచ్చిన అదృష్టం చెత్తతోపాటు బయటికి పోతుందని నమ్మకం కాబట్టి చీపురు పట్టరు. మూడోనాటికి హాల్లో నడుస్తుంటే కాళ్ల కింద కరకరలాడుతుంది.

పండుగ వెళ్లిన పది రోజులకు నా దగ్గరికి జనం రావడం మొదలవుతుంది. ఇక్కడివాళ్లూ వస్తారు, ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లూ వస్తారు. అందరూ గింజనే అనుమానిస్తారు. దానికి పట్టించిన రంగు, ఉప్పు, చక్కెర, దాన్ని దాచిన డబ్బా గురించి అడిగేవాళ్లు తక్కువ. తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పుచ్చగింజలు ఎంత ఎర్రగా ఉంటే అంత మంచివి

వీటిని 'హాత్ యువా' అంటారు. హనోయి వైపు 'జువా' అని పలుకుతారు. మనం తిని ఊసేసే చిన్న గింజలు కావు ఇవి. గింజ కోసమే పండించే రకాల్లోంచి వస్తాయి, వెడల్పుగా, బొటనవేలి గోరంత ఉంటాయి. వేయించిన గింజ అసలు రంగు నలుపో ముదురు గోధుమో. ఎరుపు మనుషులు వేసిందే, ఎరుపు శుభం కాబట్టి. అరగంట కూర్చుంటే వేళ్లకు, పెదాలకు పారాణి పెట్టినట్టవుతుంది. పిల్లలు లిప్‌స్టిక్ అని ఆడుకుంటారు.

ఇబ్బంది ఈ రంగుతోనే. తినడానికి అనుమతి ఉన్న ఎరుపు రంగులున్నాయి. కానీ బట్టలకు, కాగితానికి వాడే రోడమిన్-బి అనే అద్దకం రంగు కూడా పుచ్చగింజల్లో దొరికిన సందర్భాలు వియత్నాంలో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది కూడా ఈ రోడమిన్-బి వల్లే. తిండిలో దీనికి చోటే లేదు, కొంచెం వేస్తే ఫర్వాలేదనే లెక్క దీనికి వర్తించదు.

"నీళ్లలో వేసి చూశానండీ, రంగు దిగలేదు, కాబట్టి మంచిదే" అని ఒకాయన వాదించారు. ఆ పరీక్ష చెల్లదు. అనుమతి ఉన్న రంగూ నీళ్లలో దిగుతుంది, లేనిదీ దిగుతుంది. ఏది ఏదో తేల్చాల్సింది ల్యాబే. ఇంట్లో మనం చేయగలిగిందల్లా రంగు వేయనివి కొనుక్కోవడం. సైగాన్‌లోని చైనీయుల పేట చొలన్‌లో, బిన్ తాయ్ మార్కెట్లో టెట్‌కి ముందు ఈ గింజలు బస్తాల్లో గుట్టలు పోసి ఉంటాయి. ఎర్రటి గుట్ట పక్కనే రంగు లేనిదీ ఉంటుంది, అడిగితే తూకం వేస్తారు. తయారీదారు పేరు, తేదీ ఉన్న ప్యాకెట్ అయితే ఇంకా నయం.

లోపలి పప్పు మాత్రం బంగారం. మన కిరాణా కొట్లో మగజ్ అని తెల్లగా దొరికేది, గ్రేవీల్లో నూరి వేసేది ఈ పుచ్చపప్పునే. వంద గ్రాముల పప్పులో ప్రోటీన్ 28 గ్రాముల దాకా ఉంటుంది. కానీ పెంకు ఒలుచుకుంటూ తింటే గంటలో ఎంత లోపలికి వెళ్తుందో ఒకసారి తూచి చూడండి, నవ్వొస్తుంది.

అపోహ: జీడిపప్పు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది

మాది పలాస దగ్గర. ఈ మాట అక్కడ జీడి బట్టీల పక్కన పెరిగినవాళ్ల నోట విన్నాను, ఇక్కడ జీడితోటలున్న బిన్ ఫుఒక్ వాళ్ల నోటా విన్నాను. జీడిపప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వియత్నాందే. ఆ పిక్కల్లో చాలా భాగం ఆఫ్రికా నుంచి, కంబోడియా నుంచి దిగుతుంది. పలాసకూ ఆఫ్రికా పిక్కలు వస్తాయి. అంటే మన ఊరి కాజూ, వీళ్ల 'హాత్ దియెవ్' ఒకే చెట్టు కింద పుట్టిన అన్నదమ్ములైనా కావచ్చు.

కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉంటుంది. చెట్టు గింజల్లో చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. జీడిపప్పులోనూ అంతే. ఉన్నది కొవ్వు, వంద గ్రాములకు 44 గ్రాములు. అందులో సంతృప్త కొవ్వు 8 గ్రాముల లోపే, మిగతాది ఎక్కువగా ఆలివ్ నూనెలో ఉండే తరహా కొవ్వు. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలో ఒక గుంపుకు మధ్యధరా దేశాల తరహా తిండితోపాటు రోజూ 30 గ్రాముల గింజలు (అక్రోట్లు, బాదం, హేజల్‌నట్లు) ఇచ్చారు. మామూలుగా కొవ్వు తగ్గించి తినమన్న గుంపుతో పోలిస్తే వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి తక్కువగా కనిపించాయి. జీడిపప్పు ఆ జాబితాలో లేదు, నిజమే. కానీ కొలెస్ట్రాల్ రిపోర్టు చెడిందని దాన్ని దోషిగా నిలబెట్టేముందు, పండుగ వారమంతా పొయ్యిమీద ఏముందో చూడండి. దక్షిణాన ప్రతి ఇంట్లో థిత్ ఖో ఉంటుంది. కొబ్బరినీళ్లలో పంది మాంసం, గుడ్లు వేసి ఉడికించి, మూడు రోజులు మళ్లీమళ్లీ వేడిచేసుకుని తినే కూర అది. కొవ్వు ముక్క వదిలేస్తే బా ఊరుకోదు. రిపోర్టు పట్టుకొచ్చినవాళ్లని నేను ముందు ఆ కుండ గురించే అడుగుతాను.

ఇక్కడ జీడిపప్పును లోపలి పొట్టుతోనే ఉప్పేసి వేయిస్తారు. ఆ పొట్టును 'వో లువా' అంటారు, పట్టు తొక్క అని అర్థం. టెట్ కానుక డబ్బాల్లో ఉండేది ఎక్కువగా ఇదే. మనవాళ్లు చూసి "పొట్టు తీయకుండా మోసం చేశారు" అనుకుంటారు. మోసం కాదు, అదే పద్ధతి. పొట్టులో టానిన్లు ఉంటాయి కాబట్టి కాస్త వగరుగా తగులుతుంది. తినే ముందు వేళ్లతో నలిపితే రాలిపోతుంది. తిన్నా ఏమీ కాదు. చేతులు పొక్కించే జీడి రసం గట్టి పైపెంకులో ఉంటుంది, ఈ పొట్టులో కాదు.

ఇంకోటి. గుండుకు బలం ఎక్కువ, బద్దకు తక్కువ అనే మాట పలాసలోనూ ఉంది. గుండుకు ధర ఎక్కువ, అంతే.

అపోహ: గింజలు వేడి చేస్తాయి

ఈ మాట వియత్నాంలో విన్న రోజు నాకు ఇల్లు గుర్తొచ్చింది. మనం 'వేడి చేసింది' అనే చోట వీళ్లు 'నాంగ్' అంటారు. నోట్లో పుండ్లు, మొటిమలు, గొంతు మంట, అన్నీ నాంగ్ ఖాతాలోకే. నేను రెండో గుప్పెడు గుమ్మడి గింజలు తీసుకోబోతే బా నా చెయ్యి మీద చిన్నగా కొట్టి, "నాంగ్ లాం, కాన్!" అంది. చాలా వేడే బిడ్డా అని.

ఆవిడ చూసింది అబద్ధం కాదు. కారణం దగ్గరే నాకు తేడా. గంటసేపు ఉప్పు పెంకు చప్పరిస్తూ, ముందుపళ్లతో కొరుకుతూ కూర్చుంటే నాలుక చివర, పెదాల లోపల గీసుకుపోతుంది. ఆ గీతల మీద ఉప్పు పడుతుంది. పైగా పండుగ హడావుడిలో నీళ్లు తాగరు, నిద్రపోరు, బీరు మాత్రం తాగుతారు. నోరు పుండవక ఏమవుతుంది? మొటిమల సంగతికొస్తే, వాటితో లింకు ఎక్కువగా కనిపించింది రక్తంలో చక్కెరను గబుక్కున పెంచే తిండితోనే. అంటే అదే పెట్టెలో పక్క అరలో ఉన్న 'ముత్' అనే చక్కెర పట్టించిన పళ్ల ముక్కలను ముందు అనుమానించాలి.

ఉప్పు లేకుండా వేయించిన గుమ్మడి గింజలు ఒలిచిన పప్పు 30 గ్రాములు తీసుకోండి. 9 గ్రాముల ప్రోటీన్, రోజుకు కావలసిన మెగ్నీషియంలో మూడో వంతు కన్నా ఎక్కువే వస్తుంది. పొద్దుతిరుగుడు పప్పు అంతే తీసుకుంటే విటమిన్-ఇ 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు పెంకు చప్పరించే అలవాటు మానుకోవాలి. ఉప్పు ఉండేది దానిమీదే. రోజంతటికీ అన్నీ కలిపి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అపోహ: తామర గింజలంటే మఖానానే, షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు

రెండు తప్పులు ఒకే వాక్యంలో. బిహార్ మిథిల నుంచి వచ్చే మఖానా తామర గింజ కాదు, యూరియేల్ ఫెరాక్స్ అనే ముళ్ల కలువ గింజ. వియత్నాం వాళ్ల 'హాత్ సెన్' మాత్రం అసలైన తామర గింజ. హ్యూ నగరంలో తిన్ తామ్ కొలను తామర గింజలకు పెద్ద పేరు. లోపల పచ్చటి మొలక చేదుగా ఉంటుంది. దాన్ని పుల్లతో గుచ్చి తీసేసి, విడిగా ఎండబెట్టి నిద్ర పట్టడానికి టీ కాచుకుంటారు.

తామర గింజ జీడిపప్పులా, బాదంలా ప్రవర్తించదు. ఎండుదాంట్లో కొవ్వు 2 శాతమే, పిండిపదార్థం 64 శాతం. పిండిగింజ అనుకోండి. టెట్ పెట్టెలో ఉండేది దాన్ని చక్కెర పాకంలో వేసి, తెల్లగా పూత పట్టేదాకా తిప్పిన రకం. షుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పే లెక్క రెండు గింజలు, టీతో. పూత లేని గింజల్ని అన్నంలోనో సూపులోనో ఉడికించుకుంటే బాగుంటుంది, అప్పుడు అన్నం తగ్గించాలి.

అపోహ: గౌట్ ఉన్నవాళ్లు గింజలు ముట్టకూడదు

గౌట్ అంటే యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు. ఆ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు గింజల్లో తక్కువ. పండుగలో యూరిక్ యాసిడ్ పెంచేవి బీరు, మాంసం, రొయ్యలు.

అపోహ: అక్రోటు మెదడులా ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిది

వియత్నామీస్‌లో అక్రోటు పేరు 'ఓక్ చో', అక్షరాలా కుక్క మెదడు. పోలికను బట్టి మందు అంటే ముందు కుక్కలు బాగుపడాలి. అక్రోటులో ఒమేగా-3 జాతి కొవ్వు వంద గ్రాములకు 9 గ్రాములుంటుంది, తినడానికి ఆ కారణం చాలు.

పిస్తాకు ఇక్కడ నవ్వే గింజ అని పేరు, అందుకే కానుకల్లో గిరాకీ. తెల్లగా మెరిసే పెంకు నాణ్యతకు గుర్తు కాదు. సహజమైన పెంకు లేత గోధుమ రంగు. మరీ తెల్లగా ఉంటే బ్లీచ్ చేసి ఉండొచ్చు. లామ్ దాంగ్, దాక్ లాక్ కొండల్లో పండే మకడామియాను 'మక్కా' అని, పెంకు చీల్చి చిన్న తాళంచెవితో అమ్ముతారు. మంచి గింజే, కానీ మూడొంతులు కొవ్వు. పది పన్నెండు గింజలు తింటే 200 కేలరీలు దాటినట్టే.

అపోహ: కాస్త బూజు పట్టినా మళ్లీ వేయిస్తే సరి

అన్నిటికన్నా నేను భయపడేది దీనికే. ఉత్తర వియత్నాంలో టెట్ వెళ్లాక 'నొమ్' అనే వాతావరణం వస్తుంది. గాలిలో తేమకు గోడలు, నేల చెమట పడతాయి, బట్టలు ఆరవు. పండుగకు మిగిలిన పల్లీలు, గింజలు అప్పుడే మెత్తబడతాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు అదే పెళ్లిపందిరి. అది విడుదల చేసే విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఆరా తీస్తే తేలింది బూజు పట్టిన వేరుశనగ చెక్క. మంట మీద బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పును ఇంకా పెంచుతుంది. వియత్నాంలో హెపటైటిస్-బి ఎక్కువ. ముక్కిపోయిన వాసన వచ్చినా, చేదు తగిలినా, లోపల నల్లబడినా ఊసేయండి, నోరు కడుక్కోండి, డబ్బా మొత్తం పారేయండి. బాగున్నవాటిని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

అపోహ: పిల్లలకు కాలక్షేపం, ఏం కాదు

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గట్టి గింజలు ఇవ్వకండి, గొంతులోకి కాదు ఊపిరి గొట్టంలోకి పోతాయి. కాస్త పెద్దవాళ్లు ఒలవడం బద్ధకించి పెంకుతోనే నమిలి మింగుతారు. అది పేగు చివర గడ్డకట్టి విరేచనం ఆగిపోతే డాక్టరు వేలితో తీయాల్సి వస్తుంది. పెద్దల సంగతి, బా ముందుపళ్లు చూస్తే చాలు. ఏళ్ల తరబడి ఒకేచోట గింజ నిలబెట్టి కొరికి కొరికి, ఒక పంటి అంచున సూది కన్నంత నొక్కు పడింది.

చివరగా, పెట్టెలో లేని గింజ ఒకటి. టెట్‌కి 'సోయ్ గక్' అనే ఎర్రటి జిగురన్నం వండుతారు. రంగు గక్ పండుది, మన ఆగాకరకు దగ్గరి చుట్టం. గింజ చుట్టూ ఉండే ఎర్ర గుజ్జులో బీటా కెరోటిన్, లైకోపిన్ దండిగా ఉంటాయి. అసలైన గక్ వేశామని చూపడానికి నల్లటి పెద్ద గింజల్ని అన్నంలోనే ఉంచుతారు. అవి తినేవి కావు, విషం ఉంటుంది. మొదటి ఏడాది నాకది తెలీదు. పళ్ల మధ్య పెట్టుకున్నానో లేదో బా కేక వేసి, నోట్లోంచి లాక్కుని, కడిగి, మోకాళ్లకు రుద్దుకునే సారా సీసాలో వేసుకుంది.