మాగ్నెటిక్ సెన్సర్ల సెన్సిటివిటీ: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలోనే నలుగురు ఇదే ప్రశ్నతో వచ్చారు: "సార్, సెన్సర్ చిన్న మార్పుల్ని పట్టుకోవట్లేదు, గెయిన్ ఎంత పెంచమంటారు?" అందుకే ఇది రాస్తున్నాను. గెయిన్ అంటే యాంప్లిఫైయర్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క.

అపోహ: గెయిన్ పెంచితే సెన్సిటివిటీ పెరుగుతుంది.

వాస్తవం: తెర మీద అంకె పెరుగుతుంది, అంతే. సిగ్నల్ ఎన్ని రెట్లయితే నాయిస్ (అక్కర్లేని ఒడిదుడుకులు) కూడా అన్ని రెట్లవుతుంది. సెన్సర్ నాయిస్ ఏడీసీలో (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగంలో) ఒక్క మెట్టు కన్నా చిన్నగా ఉన్నప్పుడే గెయిన్‌తో లాభం. పైగా హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రమే 40 మైక్రోటెస్లాలు దాటుతుంది. యాంప్లిఫైయర్ దానితోనే నిండిపోతే, మీరు వెతికే నానోటెస్లాలకు ఇక చోటెక్కడిది?

మొన్న ఒక ఫైనలియర్ అబ్బాయి వచ్చాడు. రోడ్డు మీద వాహనాలు లెక్కపెట్టే ప్రాజెక్టు. వారంలో వైవా, ముఖం నిండా టెన్షన్. ఎవరో చెప్పారని ఫ్లక్స్‌గేట్ అనే ఖరీదైన మాగ్నెటిక్ సెన్సర్ కొనడానికి ఇంట్లో డబ్బు కూడా అడిగాడు. బోర్డు తీసుకుని చూశాను. చిప్ పక్కనే రెండు స్టీల్ స్క్రూలు. సెంటీమీటర్ దూరంలో రేడియో మాడ్యూల్‌కు వెళ్లే పవర్ వైరు. డేటా పంపినప్పుడల్లా అందులో 100 మిల్లీయాంపులు. అంత కరెంటు ఆ దూరంలో సుమారు 2 మైక్రోటెస్లాల క్షేత్రం పుట్టిస్తుంది. అతను వెతికే సిగ్నల్ అందులో సగం కూడా లేదు.

ఇత్తడి స్క్రూలు వేశాం. ప్లస్, మైనస్ వైర్లను జడలా మెలిపెట్టాం, ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. సెన్సర్‌ను బోర్డుకు జానెడు దూరం జరిపాం. సాయంత్రం గేటు ముందు ఆటో వెళ్లగానే గ్రాఫ్ గుట్టలా లేచింది. పాపం, ఇంటికి ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పేదాకా అతను కూర్చోలేదు.

భూభౌతిక పరిశోధనలు చేసే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లకే చుట్టుపక్కల నాయిస్‌తో ఈ బాధ తప్పలేదు. హైదరాబాద్‌లో 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే అబ్జర్వేటరీ ఉన్నా, నగరం నాయిస్‌కు దూరంగా చౌటుప్పల్‌లో మరొకటి పెట్టుకున్నారు.

అపోహ: సగటు తీస్తే ఎంత నాయిస్ అయినా పోతుంది.

వాస్తవం: 100 రీడింగుల సగటుతో వైట్ నాయిస్ (ఒక రీడింగుకీ ఇంకోదానికీ సంబంధం లేని నాయిస్) పదో వంతుకు తగ్గుతుంది. నెమ్మదిగా జరిగే డ్రిఫ్ట్ మాత్రం గంటసేపు సగటు తీసినా వదలదు. ఏఎంఆర్ సెన్సర్లలో (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి నిరోధం మారే రకం) సెట్, రీసెట్ అనే కరెంటు పల్సులు ఉన్నది ఆ డ్రిఫ్ట్ కోసమే, వాడండి.

కాలిబ్రేషన్ చేస్తే నాయిస్ తగ్గుతుందన్నదీ తప్పే. హార్డ్ ఐరన్ కాలిబ్రేషన్ ఆఫ్‌సెట్‌ను, అంటే దగ్గరున్న అయస్కాంత వస్తువుల వల్ల రీడింగులో ఎప్పుడూ ఉండే తేడాను, సరిచేస్తుంది, అంతవరకే. స్టెయిన్‌లెస్ స్క్రూలన్నీ అయస్కాంతానికి అంటుకోవన్న మాటనూ నమ్మకండి, ఒక్కొక్కటీ అయస్కాంతంతో పరీక్షించండి. నికెల్ పూత ఉన్న కనెక్టర్లకూ అదే పరీక్ష.

కొత్త సెన్సర్ కొనే ముందు ఒక్క పని చేయండి. రాత్రిపూట సెన్సర్‌ను ఇనుప బల్ల మీద కాకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, ఫోన్ దూరంగా ఉంచి, పది నిమిషాలు కదపకుండా రీడింగులు తీయండి. ఆ గ్రాఫ్ పట్టుకొస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో కూర్చుని చూద్దాం.