ఇల్లు ఖాళీ చేయిస్తే పోయేది ఇల్లొక్కటే కాదు

"అమెరికాలో పేదలేంటండీ, పని చేసుకుంటే సరిపోతుంది కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. పేదరికాన్ని ఎలా లెక్కగడతారు లాంటి సంగతులు వదిలేస్తాను, నాకే బోరు. మాథ్యూ డెస్మండ్ అనే సోషియాలజిస్టు పట్టుకున్న ఒక్క విషయం చూద్దాం: అద్దె ఇంట్లోంచి గెంటేయడం.

2008లో ఆయన మిల్వాకీ నగరంలో మొదట పేద తెల్లవాళ్లుండే ట్రెయిలర్ పార్కులో (లాక్కెళ్లగలిగే డబ్బా ఇళ్ల కాలనీ), తర్వాత నల్లజాతి వాడలో అద్దెకు దిగారు. పేదరికం వల్ల ఇల్లు పోతుందని అందరికీ తెలుసు. ఇల్లు పోవడం వల్ల పేదరికం ఇంకా ముదురుతుందని ఆయన చూపించారు.

సంపాదనలో సగానికి పైగా అద్దెకే పోయే తల్లి ఒక నెల కట్టలేకపోతుంది. కేసు పడుతుంది. అక్కడ కోర్టు రికార్డులు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇంకో ఓనర్ ఆమె పేరు కొట్టి చూసి కుదరదంటాడు. చివరికి దొరికేది ఇంకా పాడుబడ్డ ఇల్లు, ఇంకా భయమేసే వీధి. ఇల్లు వెతికే టెన్షన్‌లో పనికి నాగాలు పడి ఉద్యోగం పోతుంది, పిల్లల బడి మారుతుంది. రెండేళ్లు గడిచాక కూడా అలాంటి తల్లుల్లో డిప్రెషన్ ఎక్కువే. మన దగ్గరైతే ఇవన్నీ వరసగా జరిగినప్పుడు "ఆ ఇల్లు అచ్చిరాలేదు" అని వాస్తు మీదకి నెట్టేస్తారు!

పిల్లలుంటే జాలి చూపిస్తారేమో అనుకుంటాం. కానీ బాకీ అంతే ఉన్నా, పిల్లలున్న వాళ్లకే కోర్టులో ఖాళీ చేయమనే తీర్పు ఎక్కువగా వచ్చింది. నల్లజాతి వాడల్లోని మహిళలు నగర జనాభాలో 9 శాతం, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లలో 30 శాతం.

నన్ను బాగా కదిలించింది 'న్యూసెన్స్' నిబంధన. ఒక ఇంటి నుంచి 30 రోజుల్లో మూడుసార్లు పోలీసులకు ఫోన్ వెళితే ఓనర్‌కి నోటీసు వస్తుంది, గొడవ ఆపకపోతే పోలీసులు వచ్చిపోయే ఖర్చు అతనే కట్టాలి. 2008-09లో వచ్చిన నోటీసుల్లో దాదాపు మూడో వంతుకి కారణం గృహహింస. అలాంటి నోటీసు అందుకున్న ఓనర్లలో 83 శాతం మంది అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించారు, లేదా చేయిస్తామని బెదిరించారు. అంటే మొగుడు కొడుతున్నాడని పోలీసులకి ఫోన్ చేస్తే ఇల్లు పోయేది, చేయకపోతే దెబ్బలు తినాల్సి వచ్చేది. తర్వాత నగరం ఈ లెక్కలోంచి గృహహింస ఫోన్లను తీసేసింది.

ఇక కోర్టు కాగితాల్లో కనిపించేది కొంతే. డెస్మండ్ బృందం 2009-11లో దాదాపు 1,100 మంది అద్దెదారులను నేరుగా అడిగితే, బలవంతపు ఖాళీల్లో సుమారు సగం కోర్టు గడపే తొక్కలేదని తేలింది. కొందరు ఓనర్లు చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేశారు, కొందరు ఏకంగా వీధి తలుపు ఊడదీసుకుపోయారు.