నడుముకి మత్తు సూది: అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్‌కు ముందు రోగిని చూడ్డానికి వెళ్తే, ఎక్కువమంది మొదట అడిగేది ఇదే: "నడుముకి సూది వేస్తారా డాక్టరు గారూ? జీవితాంతం నొప్పి ఉంటుందంటగా?" జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో చాలావరకు స్పైనల్ మత్తుతోనే, అంటే నడుముకి సూది వేసి కింది భాగాన్ని తిమ్మిరెక్కించే పద్ధతిలోనే జరుగుతాయి. అందుకే ఈ భయం ఇంటింటా ఉంది.

అపోహ: ఆ సూది వల్లే నడుము నొప్పి

స్పైనల్ సూది మందం సుమారు అర మిల్లీమీటరు. గుచ్చిన చోట నాలుగు రోజులు సలపడం మామూలే, అది నిజం. ఏళ్ల తరబడి ఉండే నొప్పి సంగతి వేరు. నొప్పులు పడుతున్న 369 మంది తల్లులను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎపిడ్యూరల్ (నడుములో సన్నని గొట్టం పెట్టి నొప్పి తగ్గించే మందు ఎక్కించడం), రెండో గుంపుకు వేరే నొప్పి మందులు ఇచ్చేలా చేసిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఎపిడ్యూరల్ సూది స్పైనల్ సూది కంటే చాలా లావు. అయినా రెండేళ్లు దాటాక చూస్తే నడుము నొప్పిలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి నొప్పి ఎందుకు? గర్భంలో హార్మోన్ల వల్ల కీళ్ల పట్టు సడలుతుంది, పొట్ట కండరాలు సాగిపోతాయి. ఆపైన మంచం మీద గూనిగా కూర్చుని రోజుకు పదిసార్లు పాలివ్వడం, వంగి బిడ్డను ఎత్తుకోవడం. మామూలు కాన్పు అయినవాళ్లకీ నడుము లాగుతుంది. కానీ వాళ్ల దగ్గర నింద వేయడానికి సూది ఉండదు!

"నరం తెగి కాళ్లు పడిపోతాయేమో" అనే టెన్షన్ కూడా ఉంటుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. మేం గుచ్చేది దానికి కింద. నరాలకు శాశ్వత నష్టం చాలా చాలా అరుదు.

అపోహ: 24 గంటలు దిండు పెట్టకూడదు, తల ఎత్తకూడదు

ఇది కొన్ని ఆస్పత్రుల్లో ఇంకా నడుస్తోంది. నాకు దీని మీదే కోపం ఎక్కువ. స్పైనల్ తర్వాత తలనొప్పి రావడం నిజమే. సూది చేసిన రంధ్రం గుండా వెన్ను నీరు కారితే, లేచి కూర్చున్నప్పుడు తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. 1898లో జర్మనీలో స్పైనల్ మొదలుపెట్టిన ఆగస్ట్ బియర్ తన మీదే ప్రయోగం చేయించుకుని ఈ తలనొప్పి తానే అనుభవించాడు. కానీ కదలకుండా పడుకోబెడితే అది రాకుండా ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఆపేది సూది మొన. 2018లో లాన్సెట్‌లో వచ్చిన 110 అధ్యయనాల విశ్లేషణలో, పాత కోసుకుపోయే మొన సూదులతో 11 శాతం మందికి తలనొప్పి వస్తే, పెన్సిల్ మొన లాంటి సూదులతో 4.2 శాతానికే వచ్చింది. కాబట్టి దిండు గురించి కాదు, సూది గురించి అడగండి. పైగా బాలింతను కదలనివ్వకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తిమ్మిరి పూర్తిగా వదిలాక మనిషి సాయంతో లేపి నడిపించాలి.

తలనొప్పితో పాటు జ్వరం, చూపు మసకబారడం, ఫిట్స్, బీపీ పెరగడం ఉంటే మాత్రం సూది మీదకు నెట్టేసి ఇంట్లో కూర్చోకండి. వెంటనే రండి.

అపోహ: ముసలివాళ్లకు పూర్తి మత్తు ఇస్తే మతి పోతుంది, నడుము సూదే మంచిది

ఇది మా డాక్టర్లలోనూ ఉన్న నమ్మకమే. 2021లో వచ్చిన రీగెయిన్ ట్రయల్‌లో అమెరికా, కెనడాల్లో తుంటి ఎముక విరిగిన 1,600 మందిని పరీక్షించారు. 60 రోజులకు చనిపోయినవారు, కర్ర లేదా వాకర్ పట్టుకుని కూడా సొంతంగా నడవలేనివారు కలిపి స్పైనల్‌లో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. ఆపరేషన్ తర్వాత మనసు గందరగోళపడి పొంతన లేకుండా మాట్లాడటం స్పైనల్‌లో 20.5, పూర్తి మత్తులో 19.7 శాతం. 2022లో చైనాలో చేసిన రాగా ట్రయల్ కూడా దాదాపు ఇదే చెప్పింది. ఊపిరితిత్తులు బాగా పాడైన తాతగారికి నేను ఇప్పటికీ స్పైనలే ఇస్తాను. రక్తం పలచబడే మందులు వాడే మామ్మగారికి పూర్తి మత్తే మేలు కావచ్చు.

చివరిగా, "రాత్రి నుంచి చుక్క నీళ్లు తాగనివ్వలేదండీ" అని గొప్పగా చెప్పే బంధువులకు: మామూలుగా ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగొచ్చు. అన్నం, టిఫిన్, పాలు, పాలు కలిపిన టీ అయితే ఆరు గంటల ముందే ఆపాలి. షుగర్, కడుపు సమస్యలు ఉన్నా, నిండు గర్భిణి అయినా మీ మత్తు డాక్టరు చెప్పిన టైమే పాటించండి.